హూతాన్, జంగల్, ఊర్‌వాల్ట్: ఒక అడవికి ఎన్ని మాటలు?

మలేషియా పటంలో పేరాక్ రాష్ట్రపు దక్షిణపు కొసను చూడండి. పేరాక్‌ను సెలాంగోర్ నుంచి విడదీస్తూ పడమటి సముద్రానికి పోయే బెర్నాం నది ఒడ్డున హుటాన్ మెలింటాంగ్ అనే చిన్న పట్టణం ఉంది. ఒకప్పుడు హిలిర్ పేరాక్ జిల్లాలో ఉండేది, 2017 నుంచి కొత్తగా ఏర్పడిన బాగాన్ దాతుక్ జిల్లాలోకి వచ్చింది. మలేషియాలో తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన ప్రాంతాల్లో ఇది ఒకటి. కొబ్బరి, రబ్బరు, ఆ తర్వాత నూనె తాటి తోటల్లో పనికి మన వైజాగు, శ్రీకాకుళం, గోదావరి సీమల నుంచి, చిత్తూరు వైపు నుంచి వెళ్ళినవారి మనుమలు, మునిమనుమలు నేటికీ అక్కడ ఉన్నారు.

పేరును తెలుగులో ఇలా రాస్తున్నాం గాని ఇది ఇంగ్లీషు అక్షరాలు చూసి రాసిన రాత. మలయ్ వారి 'త' మన 'త' లాగానే నాలుక పళ్ళకు తాకించి పలికేది. హూతాన్ మెలింతాంగ్ అనాలి. మాటలో మొదటి 'హ' కూడా చాలామంది నోట తేలిపోయి 'ఉతాన్' అవుతుంది. ఓరాంగ్ ఉతాన్ అన్న కోతి పేరులో ఉన్న ఉతాన్ ఇదే. ఓరాంగ్ అంటే మనిషి, హూతాన్ అంటే అడవి. జర్మన్‌వారు దాన్ని వాల్ట్‌మెన్ష్ అని మాటకు మాట తెచ్చుకున్నారు, మనం వనమానవుడు అన్నాం. ఈ అనువాదంలో ఇద్దరికీ చిక్కేమీ రాలేదు.

చిక్కంతా ఇంగ్లీషు గుండా వెళ్ళినప్పుడే. మలయా భారతీయుల చరిత్ర చెప్పే ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక వాక్యం ఏదో ఒక రూపంలో తప్పక ఎదురవుతుంది: 'జంగిల్ నరకబడి ఎస్టేట్లు తెరవబడ్డాయి' అని. ఈ వాక్యాన్ని జర్మన్‌లోకి తేవాలంటే జంగిల్‌కు ఏ మాట పెట్టాలి? ఐరోపాలో పెరుగుతున్న మన పిల్లల్లో తెలుగు చదవలేనివారికి జర్మన్‌లో చెప్పవలసిన ఇళ్ళు ఇప్పుడు కొన్ని ఉన్నాయి గనుక, ఇది పండితుల ప్రశ్న మాత్రమే కాదు. తెలుగులోకి తేవాలన్నా ప్రశ్న అదే. జంగిల్ అంటే అడవే గదా అని సరిపెట్టుకుంటే మన తాతల కథలో సగం అక్కడే జారిపోతుంది. ఎందుకో మనవి చేస్తాను.

ముందుగా ఊరి పేరులో రెండో మాట. మెలింతాంగ్ అంటే అడ్డంగా ఉన్నది, నిలువుగా ఉన్న దానికి వ్యతిరేకం. హూతాన్ మెలింతాంగ్ అంటే అడ్డంగా పడి ఉన్న అడవి. ఇంగ్లీషులో దీనికి పెట్టే మాట దిక్కును చెబుతుంది గాని దారికి అడ్డు నిలిచిందన్న ఊహను ఇవ్వదు. తెలుగులో మాత్రం 'అడ్డం' అనగానే రెండూ వస్తాయి. అడ్డగీత అన్నప్పుడు దిక్కు, అడ్డం వచ్చాడు అన్నప్పుడు ఆటంకం. జర్మన్‌లో క్వేర్ అనే మాట సరిగ్గా ఇలాంటిదే. కట్టెను క్వేర్‌గా పెట్టవచ్చు. మనిషి తనను తాను క్వేర్‌గా నిలబెట్టుకుంటే 'అడ్డం తిరిగాడు' అని అర్థం. మన జాతీయానికీ వారి జాతీయానికీ వెంట్రుకవాసి తేడా లేదు. మలయ్ నుంచి నేరుగా పోతే తెలుగులో 'అడ్డడవి', జర్మన్‌లో 'క్వేర్‌వాల్ట్' ఇట్టే కుదురుతాయి. మధ్యలో ఇంగ్లీషును పెట్టుకున్నవారికే కష్టం. మలయ్‌లో ఒక సామెత కూడా ఉంది: నిలువుగా ఉన్నది సాగిపోతుంది, అడ్డంగా ఉన్నది విరిగిపోతుంది అని. ఈ ఊరి అడవి విషయంలో ఆ సామెత అక్షరాలా జరిగింది.

ఇక హూతాన్. మలయ్‌వారికి అడవి అంటే ఒక్క మాట కాదు. మనిషి చెయ్యి పడని లోతైన అడవి రింబా. ఒకసారి కొట్టి వదిలేసిన చోట మళ్ళీ పెరిగిన చిట్టడవి బెలూకార్. తుప్పలూ పొదలూ సెమాక్. చిత్తడి నేల పాయా. ఉప్పునీటి మడ చెట్లు బాకావ్. పండ్ల చెట్ల తోపు దూసున్. ఇంటి తోట కెబున్. పోడు కొట్టి పంట వేసిన నేల లాదాంగ్. తర్వాతి రోజుల్లో కంపెనీ ఎస్టేటుకు కూడా ఆ మాటే పెట్టారు. మనకు కారడవి, చిట్టడవి, తుప్పలు, మన్యం, పోడు, తోపు, మడ, బీడు ఉన్నట్లే. శ్రీకాకుళం మనిషికి ఈ మాటల్లో దేనికి ఏది సమానమో వివరించి చెప్పనక్కరలేదు. దొరలకు మాత్రం తోటా తోపూ తప్ప తక్కినదంతా జంగిల్. బెలూకార్‌ను వేరుగా చెప్పవలసి వచ్చినప్పుడు 'రెండో జంగిల్' అన్నారు.

ఈ జంగిల్ మాట పుట్టుక ఎక్కడిదో పాఠకులకు తెలిసే ఉంటుంది, మన దేశానిదే. కాని ఇండియా నుంచి బయలుదేరినప్పుడు దాని అర్థం అడవి కాదు. సంస్కృతంలో జాంగలం అంటే ఎండు నేల. చరక సంహిత దేశాన్ని మూడు రకాలుగా చెబుతుంది: జాంగలం, ఆనూపం, సాధారణం. జాంగల దేశంలో ఆకాశం విశాలంగా కనబడుతుంది, చండ్ర, రేగు, జమ్మి వంటి చెట్లు పలుచగా ఉంటాయి, నీరు తక్కువ, గాలి ఎక్కువ, ఎండమావులు కనబడతాయి, తిత్తిరి పిట్టలు తిరుగుతాయి. మన రాయలసీమలో సగం ఈ వర్ణనకు సరిపోతుంది. ఆనూపం దానికి ఎదురు. నదులూ సముద్రమూ చుట్టుకొని, కొబ్బరీ అరటీ దట్టంగా పెరిగే తడి దేశం. మహాభారతంలో కురుజాంగలం అన్న పేరు వింటాం. అది పులులు తిరిగే కీకారణ్యం కాదు, కురువుల మెరక సీమ.

చరకుని లెక్కన దిగువ పేరాక్ పచ్చి ఆనూపం: సముద్రపు బంకమట్టి, బొగ్గులా నల్లబడిన ఆకుల చిత్తడి, కొబ్బరి తోటలు. దాన్నే ప్రపంచమంతా జాంగలం అని పిలిచింది! మాటలు ఇలా తలకిందులుగా నడవడం కొత్త కాదుగాని ఇది మరీ విడ్డూరం.

ఎండు నేల తడి అడవి ఎలా అయింది? మధ్యలో ఒక మెట్టు ఉంది, మన కథకు ముఖ్యమైన మెట్టు అదే. హిందుస్తానీలో జంగల్ అంటే సాగు చేయని నేల. వారన్ హేస్టింగ్స్ కోరికపై 11 మంది పండితులు కూర్చిన ధర్మశాస్త్ర సంగ్రహాన్ని మొదట పారశీకంలోకి, ఆ పారశీకం నుంచి నథానియల్ హాల్‌హెడ్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1776లో 'జెంటూ న్యాయస్మృతి' పేరిట అచ్చయింది. జెంటూ అంటే ఆ పుస్తకంలో హిందువులు. మద్రాసు దొరలు అదే మాటను ప్రత్యేకించి తెలుగువారికీ తెలుగు భాషకూ వాడేవారు. ఇంగ్లీషులో జంగిల్ అన్న మాట అచ్చులో కనబడిన తొలి చోట్లలో ఈ పుస్తకం ఒకటి. అక్కడ దాని నిర్వచనం ఏమిటంటే, అయిదేళ్ళు సాగు లేకుండా పడి ఉన్న భూమి జంగల్. చెట్టు ప్రసక్తి లేదు, పులి ప్రసక్తి లేదు. అది రెవెన్యూ మాట. మన గ్రామ లెక్కల్లో బీడు, బంజరు అని రాసేదే.

ఈ పుస్తకం రెండేళ్ళలోనే, 1778లో, హాంబుర్గ్‌లో జర్మన్‌లో వెలువడింది. అనువదించినవాడు రుడోల్ఫ్ ఎరిక్ రాస్పే. కాసెల్‌లో తాను కాపలా కాయవలసిన ప్రభువు గారి నాణేలను అమ్ముకొని 1775లో ఇంగ్లండుకు పారిపోయిన ఘనుడు. తర్వాత 1785లో బారన్ మంచౌసెన్ కోతల కథలు రాసి లోకప్రసిద్ధుడయ్యాడు. సంస్కృతం, పారశీకం, ఇంగ్లీషు దాటుకొని మన ధర్మశాస్త్రం జర్మన్‌వారికి చేరింది ఇటువంటి చేతుల మీదుగా అన్నమాట.

ఆ తర్వాత వంద సంవత్సరాల్లో ఇంగ్లీషు జంగిల్ రంగు మారింది. దొరలు బెంగాల్ డెల్టాలోనూ హిమాలయం దిగువ తరాయిలోనూ సాగులేని నేలలు చూశారు. అక్కడ సాగులేని నేల అంటే ఏనుగు మునిగే గడ్డి, జ్వరం, పులి. మాట నేల లెక్కను వదిలి చెట్ల దట్టాన్ని పట్టుకుంది. బర్మాకూ మలయాకూ చేరేటప్పటికి పూర్తిగా వాన అడవి అయిపోయింది. అయితే పాత అర్థం చావలేదు, ఆఫీసు కాగితాల్లో బతికే ఉంది. కలుపు తీయక పాడుబడిన రబ్బరు చేను కూడా 'జంగిల్‌లో కలిసింది' అనేవారు తోట దొరలు.

జర్మన్‌వారి దగ్గర ఇప్పుడు రెండు మాటలు ఉన్నాయి. ఒకటి ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న జుంగెల్. ఇది వారి వ్యాకరణంలో చాలాకాలం కుదురుకోలేదు. ఇప్పుడు సాధారణంగా పుంలింగం, అప్పుడప్పుడు నపుంసకం, పాత పుస్తకాల్లో స్త్రీలింగం కూడా. కొత్త కోడలికి వరస ఏమి పెట్టి పిలవాలో తేలని ఇంటిలాగా. రెండోది వారి సొంత మాట ఊర్‌వాల్ట్: ఊర్ అంటే ఆది, వాల్ట్ అంటే అడవి. సృష్టి నాటి నుంచి చెయ్యి పడని అడవి.

ఊర్‌వాల్ట్ మాటను ఎవరుపడితే వారు ఎక్కడపడితే అక్కడ వాడుతున్నారని ఆనాడే విసుక్కున్నవాడు అలెగ్జాండర్ ఫాన్ హుంబోల్ట్. దక్షిణ అమెరికాలో ఓరినోకో నది అడవుల్లో స్వయంగా తిరిగిన పండితుడు. 'ప్రకృతి దృశ్యాలు' అన్న తన గ్రంథపు 1849 కూర్పులో రాత్రివేళ అడవిలో జంతువుల గురించి ఒక వ్యాసం చేర్చి, అందులో ముందుగా ఈ మాటను పట్టుకున్నాడు. మనిషి గొడ్డలి పడలేదన్నదే అర్థమైతే చలి దేశాల్లోనూ ఊర్‌వాల్ట్‌లు ఉన్నాయి. చొరబడడానికి వీలు లేనిదన్నది అర్థమైతే అది ఉష్ణదేశాలకే చెల్లుతుంది. ఈ రెండు అర్థాలనూ కలిపేయకండి అన్నది ఆయన మాట సారం. ప్రకృతి శాస్త్రజ్ఞుడు నిఘంటుకారుడి పని చేయవలసి వచ్చింది.

కిప్లింగ్ 1894లో రాసిన కథలు జర్మన్‌లో 'జుంగెల్ పుస్తకం' అయ్యాయి. ఆ కథల సియోనీ మధ్యభారతంలో ఉంది. వేసవిలో ఆకు రాలే అడవులు, గడ్డి మైదానాలు, రాళ్ళ గుట్టలు. జాంగలం అన్న పాత అర్థానికి మలయా కంటే అదే దగ్గర. జర్మన్ పిల్లవాడి ఊహలో మాత్రం మోగ్లీ తీగలు వేలాడే వాన అడవిలో తిరుగుతాడు. స్పెన్సర్ చాప్‌మన్ అనే ఇంగ్లీషు సైనికుడి పుస్తకం ఇంకొక ఉదాహరణ. జపానువారి ఆక్రమణ కాలంలో పేరాక్ మొదలైన చోట్ల అడవిలో దాగి పోరాడి, 1949లో 'జంగిల్ తటస్థం' అన్న అర్థం వచ్చే పేరుతో తన అనుభవాలు అచ్చువేశాడు. అడవి శత్రువూ కాదు, మిత్రుడూ కాదు అన్నది ఆయన పుస్తకానికి ప్రాణం. జర్మన్‌లో దాని పేరు 'జుంగెల్ చర్య' అన్న ధోరణిలో మారిపోయింది. తటస్థత పోయింది, చర్య మిగిలింది.

ఇప్పుడు మళ్ళీ బెర్నాం ఒడ్డుకు వద్దాం. బ్రిటిష్‌వారి భూమి ఆఫీసులో, సాగులేని నేలంతా రాజ్యానిది. రాజ్యం దాన్ని కంపెనీలకు పట్టా చేసి ఇస్తుంది. 'జంగిల్ భూమి' అని రాసినప్పుడు గుమాస్తా మనసులో ఉన్నది హాల్‌హెడ్ జంగల్, అంటే బీడు. కాని చదివేవాడి కళ్ళ ముందు నిలిచేది చెట్ల జంగిల్. బీడు అంటే 'ఎవరిది?' అని అడుగుతాం. ఊర్‌వాల్ట్ అంటే అడగం, ఎవరిదీ కాదు గదా అనుకుంటాం. నిజానికి నది వెంట మలయ్ ఊళ్ళు ఉన్నాయి, తేనె, కట్టె, రత్తన్ బెత్తం ఏరుకునే దారులు ఉన్నాయి, లోపలి కొండల్లో ఆదివాసులు ఉన్నారు. ఒక్క మాట రెండు అర్థాల మధ్య గోడ దూకి వీరందరినీ కనబడకుండా చేసింది. మన ఏజెన్సీలోనూ నిజాం రాజ్యంలోనూ జరిగింది ఇదే. ఆదిలాబాదు గోండులు 'జల్, జంగల్, జమీన్' అని నినాదం చేసినప్పుడు వారి నోట జంగల్ అంటే బతుకుతెరువు. అదే ఊళ్ళో జంగలాత్ శాఖ కాగితంలో జంగల్ అంటే సర్కారు ఆస్తి.

1906లో డేనిష్ ఇంజనీరు ఆగె వెస్టెన్‌హోల్జ్ ఈ ప్రాంతంలో జెందరాతా రబ్బరు కంపెనీని మొదలుపెట్టాడు. తర్వాత అదే యునైటెడ్ ప్లాంటేషన్స్ అయింది. ఈయన రచయిత్రి కారెన్ బ్లిక్సెన్‌కు మేనమామ. కెన్యాలో ఆమె నడిపిన కాఫీ కంపెనీకి పెట్టుబడి పెట్టిన బంధువుల్లో ముఖ్యుడు. ఒకే కుటుంబం, ఒకే రకం వ్యాపారం. కెన్యాలో దాన్ని ఫార్మ్ అన్నారు, పేరాక్‌లో ఎస్టేట్ అన్నారు. ఫార్మ్ అంటే రైతు చేను అని ఇంగ్లండులో అర్థం. వేల ఎకరాల తోటకు ఆ మాట ఎంత వినయమో! ఎస్టేట్ అంటే ఆస్తి, హోదా, జమీ అన్నీ కలిసిన మాట. దీన్నీ జర్మన్‌వారు ఒక్క మాటలో తేలేరు. జమీందారుదైతే గూట్, ఉష్ణదేశపుదైతే ప్లాంటాజ. మనవారు తమిళుల లాగే 'తోట' అన్నారు. తోట అంటే తెలుగు చెవికి మల్లెతోట, మామిడితోట, సాయంత్రం నీళ్ళు పోసుకునే పెరడు. తెల్లవారకముందే మస్తరు పిలుపుకు లేచి వరసలో నిలబడే చోటుకు ఇంత చల్లని పేరు పెట్టినవారి మనసు ఎలాంటిదో!

మరి ఆ అడవిని కొట్టినదెవరు? మన సభల్లో ఉపన్యాసకులు 'మన పూర్వులు అరణ్యాలను నరికి మలయాను నిర్మించారు' అంటూ ఉంటారు. చప్పట్లు పడతాయి. కాని పెద్ద చెట్లు కూల్చే పని చాలా ఎస్టేట్లలో చీనా, మలయ్, జావా కాంట్రాక్టు ముఠాలు చేశాయి. దిగువ పేరాక్‌కు జావా నుంచి, బోర్నియో దక్షిణం నుంచి బంజార్ జనం వచ్చి నేల తెరిపి చేసుకొని స్థిరపడ్డారు (మన బంజరుకూ ఈ బంజార్‌కూ చుట్టరికం లేదు). కంగాణి వెంట వచ్చిన మన తెలుగు, తమిళ కూలీల చేతికి ఎక్కువగా వచ్చినది తర్వాతి పని. మొదలు కాల్చిన నేలలో మిగిలిన మోళ్ళు తీయడం, కాలువలు తవ్వడం, సముద్రపు పోటు లోపలికి రాకుండా కట్టలు కట్టడం, బాటలు వేయడం, మొక్క నాటడం, చెట్టుకు గాటు పెట్టి పాలు తీయడం, అన్నిటికీ మించి కలుపు. రబ్బరు తోటల తొలి రోజుల్లో నేలమీద గడ్డిపరక కనబడకూడదని నియమం. దర్భను పోలిన లాలాంగ్ గడ్డి ఒక్క వానకే మళ్ళీ లేస్తుంది. చెట్టు నరికితే ఒకసారితో సరి. కలుపు ఏడాది పొడుగునా, తరతరాలా. ఊర్‌వాల్ట్‌ను నరికారన్న గొప్ప మనవారిది అవునో కాదో గాని, హాల్‌హెడ్ అర్థంలో జంగల్‌ను, అంటే నేల మళ్ళీ బీడు పడకుండా, ఆపినవారు మాత్రం నిస్సందేహంగా మనవారే, ముఖ్యంగా ఆడవారు. ఈ గౌరవం చిన్నదని నేను అనుకోను. 1938లో భారత ప్రభుత్వం కూలీ వలసను ఆపేసే వరకు ఈ చేతులు వస్తూనే ఉన్నాయి.

జంగిల్‌కు మూడో అర్థం ఆ తర్వాత వచ్చింది. 1942, 43లలో జపానువారు తోటల నుంచి తమిళ, తెలుగు కూలీలను సయాం రైలుదారి పనికి తరలించారు. వేలమంది అక్కడి అడవిలోనే పోయారు. 1948 నుంచి 1960 వరకు అత్యయిక పరిస్థితి నడిచింది. గెరిల్లాలు అడవిలో ఉన్నారు గనుక తోట లైన్ల చుట్టూ ముళ్ళకంచెలు వేశారు, రాత్రి కర్ఫ్యూ పెట్టారు, బియ్యం బయటికి పోకుండా సోదాలు చేశారు. ఆ తరం వారికి జంగిల్ అంటే బీడూ కాదు, చెట్లూ కాదు. కంచెకు అవతలి పక్క. ఈ అర్థానికి తెలుగులో అడవి చాలదు. జర్మన్‌లో ఊర్‌వాల్ట్ అసలే కుదరదు, ఇక్కడ జుంగెల్ ఒక్కటే పనికి వస్తుంది.

కాబట్టి అనువాదకుడు ఆ ఇంగ్లీషు మాటను చూడగానే అది ఏ కాగితంలో ఉందో చూసుకోవాలి. భూమి పట్టాలో ఉంటే జర్మన్‌లో బ్రాఖ్‌లాంట్, తెలుగులో బంజరు. చెట్లు కొట్టిన సంగతిలో ఉంటే, ఇక్కడి నేలకు జుంప్ఫ్‌వాల్ట్, చిత్తడి అడవి. గెరిల్లాల కథలో ఉంటే జుంగెల్, తెలుగులోనూ జంగల్ అనే ఉంచవచ్చు. 'తెరవబడ్డాయి' అన్నదానికి జర్మన్‌లో తోటలకు వాడే క్రియ ఉంది, ఆన్‌లేగెన్, అంటే వేయడం. మనమూ తోట వేశామనే అంటాం.

ఒక్క చోట మాత్రం జర్మన్‌కూ తెలుగుకూ దారి వేరు. 'నరకబడింది' అన్న వాక్యం ఇంగ్లీషులో లాగే జర్మన్‌లోనూ ఏ తప్పూ లేకుండా నడుస్తుంది, నరికినవాడి పేరు చెప్పనక్కర లేదు. తెలుగులో అది ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎవరు నరికారు అని వాక్యమే అడుగుతుంది. అందువల్ల ఆ ఒక్క ఇంగ్లీషు వాక్యం హూతాన్ మెలింతాంగ్ విషయంలో తెలుగులో ఇలా తేలుతుంది: 'బంజరని ప్రభుత్వం రాసుకొని కంపెనీలకు పట్టా ఇచ్చిన నది ఒడ్డు చిత్తడి అడవిని మలయ్‌లు, చీనావారు, జావావారు కొట్టారు; తెలుగువారూ తమిళులూ కాలువలు తవ్వి, కట్టలు కట్టి, కలుపు తీసి, తోటలు వేశారు.' జర్మన్‌కు కూడా దీన్నే మూలంగా పెట్టుకోవడం మేలు.